మఱచిన బలము



రామాయణమున కిష్కింధాకాండము ముగియుచోట ఒక సముద్రతీరము కలదు. సీతను వెదకబోయిన వానరులందఱును అచ్చట చతికిలబడి యున్నారు. ముందు దాటరాని జలరాశి. వెనుక గడువు మీఱిన రాజాజ్ఞ. ఒకడు పది యోజనములు దూకగలననెను, ఇంకొకడు ఇరువది యనెను, మఱియొకడు ముప్పది. అంగదుడు నూఱు యోజనములు పోగలనుగాని మరల రాగలనో లేనో యని సందేహించెను. ఈ లెక్కలు జరుగుచుండగా హనుమంతుడు ఒక ప్రక్కన మాటలేక కూర్చుండి యుండెను. పోయి రాగలవాడు ఆతడొక్కడే. ఆ సంగతి తలపునకు రానివాడును ఆతడే. అప్పుడు వృద్ధుడైన జాంబవంతుడు ఆతనియొద్దకు పోయి, ఆతని పుట్టుకను, బాల్యమును, బలమును ఆతనికే వినిపించెను.

ఈ కథను చరిత్రమని నమ్ముడని నేను మిమ్ము నిర్బంధింపను. మనుష్యస్వభావము నెఱిగిన కవి వ్రాసినది గావున దీనిని మీ ముందుంచుచున్నాను. ఇందు నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయమొకటి కలదు. జాంబవంతుడు చెప్పిన బాల్యకథ యెట్టిది? ఉదయించుచున్న సూర్యుని పండనుకొని ఆకాశమున కెగిరి, దెబ్బతిని, దవుడ విఱుగగొట్టుకొనిన కథ. మన యిండ్లలో నట్టి పిల్లవాడుండినయెడల ఆ సంగతిని వాని పెండ్లినాటివఱకును చెప్పి యెగతాళి చేసియుందుము. ఆ వృద్ధుడు దానినే శక్తికి సాక్ష్యముగా జూపెను. పసితనమున నంతదూర మెగిరినవాడవు, ఇప్పుడు ఈ సముద్రమొక లెక్కయా యనెను. అంతటితో నూరకుండక, ఆ బలముతో చేయవలసిన పనిని గూడ వెంటనే చూపెను. ఆవలియొడ్డున దిక్కులేని స్త్రీ యొకతె యున్నది. ఈవలియొడ్డున ప్రాణములు విడువ సిద్ధపడిన వానరసమూహ మున్నది. బలమును గుర్తుచేయుటయు, దానికి పనిని జూపుటయు నను నీ రెండును ఒక్క పూటలో జరిగినవి.

ఈ దినమున నేను మాటలాడదలచినది ఈ రెంటిని గూర్చియే. మనయందు సహజముగా నున్న మంచిగుణమును, మన మనస్సునకు విలువగలదిగా తోచిన ఆశయమును కలిపినప్పుడు మనుష్యునకు స్వస్థత కలుగుననియు, వానిని వేఱుచేసినప్పుడు రెండును చెడుననియు నా అభిప్రాయము. స్వస్థతయనగా ఒడలికి రోగము లేకుండుట మాత్రమే కాదు. ఉదయమున లేచునప్పుడు ఈ దినము నాకొక పనియున్నదని తోచుట, రాత్రి పండుకొనునప్పుడు ఆ పని వ్యర్థము కాలేదని తోచుట. ఇంతకంటె గొప్ప నిర్వచనము నాకు తెలియదు.

మనలో చదువుకొన్నవారికి ఆత్మపరీక్ష యనగానే తప్పులపట్టిక జ్ఞప్తికి వచ్చును. బాలుడు పరీక్షాఫలమును ఇంటికి తెచ్చును. అయిదింటిలో నెక్కువ మార్కులు, ఒక్క గణితమున తక్కువ. ఆ సాయంకాల మింటిల్లిపాదియు గణితమును గూర్చియే మాటలాడుదురు. ఆ బాలుడు చక్కగా బొమ్మలు వేయుననియు, ఏడ్చుచున్న చెల్లెలిని క్షణములో నవ్వింపగలడనియు ఎవ్వరును అనరు. అవి పట్టికలో లేవు. దినదినము కనబడు గుణమునకు ఇంటివారే వెల కట్టలేరు. పెరటిచెట్టు మందునకు పనికిరాదన్న సామెత మన జాతికి ఊరక పుట్టలేదు.

నేనును ఈ తప్పులపట్టికకు లోబడినవాడనే. యౌవనమున బెంజమిను ఫ్రాంక్లిను స్వీయచరిత్రమును చదివితిని. అమెరికాదేశపు ఆ మహాపురుషుడు (1706–1790) పదుమూడు సుగుణముల నేర్పఱచుకొని, చిన్నపుస్తకములో నొక్కొక్క గుణమునకు ఒక్కొక్క పుటను కేటాయించి, దినమున కొక గడి గీసి, తప్పు జరిగినప్పుడెల్ల నల్లచుక్క పెట్టుకొనెడివాడు. వారమున కొక గుణమును ప్రత్యేకముగా శ్రద్ధతో చూచుకొనెడివాడు. నేనును అట్టి పుస్తకము నొకటి కుట్టుకొంటిని. మూడుమాసములలో నా పుస్తకము నల్లచుక్కలతో నిండిపోయెను. అందువలన నేను మంచివాడనైతినా? లేదు. ఇంటిలో కసరుట ఎక్కువయ్యెను. ఎదుటివాని పుటను గూడ నాలోనేను గీయనారంభించితిని. తనయందు నల్లచుక్కలనే చూచుట కలవాటుపడిన కన్ను ఇతరులయందు మఱేమి చూచును?

ఫ్రాంక్లినును నేను సరిగా చదువలేదని చాలకాలమునకు తెలిసికొంటిని. క్రమపాలనమను గుణము తనకెన్నటికిని పట్టువడలేదని ఆయనయే ఒప్పుకొనియున్నాడు. అయినను ఆ నల్లచుక్కలయొద్దనే ఆయన కూర్చుండిపోలేదు. నలుగురిని కూడగట్టుట ఆయనకు సహజముగా అబ్బిన విద్య. 1727లో పనివారితోను వర్తకులతోను ఒక చర్చాగోష్ఠిని పెట్టెను. 1731లో చందాలపై నడచు గ్రంథాలయమును, 1736లో ఊరి యిండ్లు తగులబడినప్పుడు ఆర్పుటకు ఇరుగుపొరుగువారి సంఘమును ఫిలడెల్ఫియా నగరమున నెలకొల్పెను. పుస్తకము దోషములను లెక్కించెను. జీవితము గుణముతో నడచెను. నేను పుస్తకమును మాత్రము అనుకరించి జీవితమును విడిచిపెట్టితిని.

ఇటీవలి మానసశాస్త్రజ్ఞులు ఈ విషయమును పరీక్షకు పెట్టియున్నారు. అమెరికాలో క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ అను పండితులు వివిధ మతగ్రంథములను, తత్త్వశాస్త్రములను పరిశీలించి, అన్ని దేశముల పెద్దలును మెచ్చిన సుగుణములను ఇరువదినాలుగింటిని ఆఱు తెగలుగా విభజించి 2004లో ఒక పెద్దగ్రంథమును ప్రకటించిరి. మనోవ్యాధులకు విపులమైన పట్టికలుండగా మనోగుణములకు ఏల ఉండరాదన్నది వారి ప్రశ్న. మఱుసటి సంవత్సరమున సెలిగ్మనును ఆయన సహచరులును ప్రకటించిన పరిశోధనము మనకు మిక్కిలి ఉపయోగకరము. కొందఱికి తమ ముఖ్యగుణము లెవ్వియో తెలిసికొని ఊరకుండుడని చెప్పిరి. ఇంకొందఱికి ఆ గుణములలో నొకదానిని ఒక వారము ప్రతిదినమును క్రొత్తరీతిని వినియోగింపుడని చెప్పిరి. తెలిసికొని ఊరకున్నవారి సంతోషము కొలదికాలములో నణగిపోయెను. వినియోగించినవారి సంతోషము ఆఱుమాసముల వఱకు నిలిచెననియు, వారి దిగులు తగ్గెననియు ఆ పండితులు తెలిపిరి.

అయినను శాస్త్రమును పురాణమువలె వినరాదు. 2012లో కెనడాదేశపు పరిశోధకులు ఇరువురు ఆ పరీక్షనే మరల జరిపిరి. సంతోషము పెరుగుట నిజమేగాని, బాల్యమునాటి మంచిస్మృతులను వ్రాసికొనినవారికి సైతము అంతియే పెరిగెనని వారు కనుగొనిరి. తన్ను గూర్చి మంచిని తలచుకొనుటయే మేలు చేసినదా, గుణమును పనిలో పెట్టుటయే చేసినదా యను ప్రశ్న తెగలేదు. ఆశయముల విషయమునను ఇట్లే జరిగినది. 2006లో ప్రకటింపబడిన యొక పరిశోధనములో, అమెరికా పాఠశాలలోని పిల్లలు తమకు ముఖ్యమైన విలువను గూర్చి కొన్ని నిమిషములు వ్రాసినందువలన, వర్ణవివక్షకు గుఱియైన నల్లజాతి బాలబాలికల చదువు మెఱుగుపడెనని తేలెను. తరువాత ఇతరులు పెద్దయెత్తున చేసిన పరీక్షలలో నా ఫలము కొన్నిచోట్ల స్వల్పముగా కనబడెను, కొన్నిచోట్ల కనబడనేలేదు. కావున వారము దినములలో ఆనందమును వాగ్దానముచేయు పుస్తకములను నమ్మి మీరు మోసపోకుడు. నా వాదమునకు ఆధారము వారమునాటి పరీక్షలు కావు. ఒక జీవితమంతయు నిలిచి చూపినవారి నడవడి.

అట్టివారిని చూచుటకు మనము దూరదేశములకు పోనక్కఱలేదు. రాజమహేంద్రవరమునకు పోవుదము.

కందుకూరి వీరేశలింగముగారు (1848–1919) దేహదార్ఢ్యము గలవారు కారు. బాల్యముననే తండ్రిని కోల్పోయినవారు. దగ్గును ఉబ్బసమును వెంటబెట్టుకొని తిరిగినవారు. వారికి భగవంతుడిచ్చినది కలము. ఆ కలమునకు తోడు, అన్యాయమును చూచి ఊరకుండలేని స్వభావము. 1874లో వివేకవర్ధనిని స్థాపించి లంచగొండులను ఆ కలముతోనే గడగడలాడించిరి. 1879లో వితంతూద్వాహమును గూర్చి బహిరంగముగా ఉపన్యసించిరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని తమ యింటనే మొదటి వితంతువివాహమును జరిపించిరి. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. ఇవి మీరెల్లరు నెఱిగినవే. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ధనముతో తోడ్పడిరనియు, విద్యార్థులు కొందఱు వెంట నిలిచిరనియు నెఱుగుదురు. వ్యాసమున కలము, వ్యయమున ధనము, వీథిలో యౌవనము. ఎవరి బలము వారు తెచ్చిరి.

కాని ఆ యింటి వంటసాల సంగతి ఎంతమంది తలచుదురు? వెలి వేయుదుమని పెద్దలు బెదరించినతోడనే వంటవారు రామనిరి. నీళ్లు తెచ్చువారు మానివేసిరి. బంధువులు గడపద్రొక్కరైరి. పెండ్లియనగా ఉపన్యాసములతో జరుగునది కాదు. వచ్చినవారికి అన్నము పెట్టవలెను, త్రాగ నీళ్లుండవలెను. అప్పుడు వీరేశలింగముగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెలతో నీళ్లు మోసి తెచ్చిరి; తామే వండి వడ్డించిరి. భర్తను విడిచి రమ్మని తనవారు పిలిచినను ఆమె కదలలేదు. తరువాతి సంవత్సరములలో ఆ యింటికి దిక్కులేని వితంతువు లొక్కొక్కరుగా వచ్చిరి. వారికి తల్లియై, వారి రోగములకు పరిచర్యచేసి, వారి కోపతాపములను సహించి, ఆమె 1910లో కన్నుమూసిరి. ఆ దంపతులకు సంతానము లేదు. ఆ వితంతువులే ఆమెకు సంతానము.

ఇచ్చట ఒక అపార్థమును తొలగింపవలెను. రాజ్యలక్ష్మమ్మగారి వంటను పొగడుటచే స్త్రీలకు వంటయే తగిన పనియని నేను చెప్పుచున్నానని తలపకుడు. ఆమె బలము వంట కాదు, నిలుకడ. ఆనాటి స్త్రీకి లోకము తెఱచియుంచిన తలుపు వంటసాల యొక్కటియే గావున ఆ నిలుకడ అచ్చట కనబడెను. వేఱొక కాలమున ఆమెయే న్యాయస్థానమునో, ఆసుపత్రినో, గ్రామపంచాయతినో అదే నిలుకడతో మోసియుండెడివారు. గుణము వేఱు, గుణము కనబడు చోటు వేఱు. ఈ భేదమును మఱచినందువలననే స్వధర్మమను గొప్పమాటను మనము పాడుచేసికొంటిమి. భగవద్గీతలో నున్న ఆ మాటను ఎవరి పుట్టుకకు తగిన వృత్తి వారిదని విప్పిచెప్పి, కుమ్మరివాని కొడుకు కుండలయొద్దను, స్త్రీ పొయ్యియొద్దను కట్టివేయుటకు వాడుకొంటిమి. స్వధర్మములోని స్వ అను నక్షరము కులమును చెప్పుచున్నదా, ఆ మనుష్యుని చెప్పుచున్నదా? ఒకే తల్లికడుపున పుట్టిన ఇరువురిలో ఒకడు సహనశీలుడు, ఒకడు సాహసి. ఒకతెకు నలుగురిలో మాటలాడుట పండుగ, ఒకతెకు నిశ్శబ్దముగా కుట్టుపని చేసికొనుట పండుగ. వీరి స్వధర్మము ఒక్కటి యెట్లగును?

తనయందలి బలము నెట్లు గుర్తింపవలెనని మీరడుగవచ్చును. ఒకరు చెప్పకయే దేనిని చేయుదుమో, చేసి అలసినను దేనిని గూర్చి విసుగు చెందమో, దానియందే వెదకవలెను. వేఱొకరు తప్పుగా చేయుచుండగా చూచి మన చేతులు దేనికొఱకు దుఱదపెట్టునో, అచ్చట గూడ వెదకవలెను. కాని మన బలము మనకు సులభముగా వచ్చును గనుక దానిని బలమని మనమెన్నము. కష్టపడి సంపాదించిన అఱకొఱ నేర్పునే ఘనముగా చెప్పుకొందుము. అందువలన జాంబవంతుడు కావలెను. మీ మేలు కోరువారిని ముగ్గురి నడుగుడు: నేను ఎప్పుడు మీకు నిజముగా పనికివచ్చితినని. వారి జవాబులు మీకు ఆశ్చర్యము కలిగించును. ఒకానొక ఉపన్యాసకుడు తన భార్య నట్లడుగగా, మా నాయనగారు పోయినప్పుడు మీరు మూడుదినములు ఏమియు మాటలాడక నా ప్రక్కన కూర్చుంటిరి, అది నేను మఱువనని ఆమె చెప్పెనట. ఇరువదియేండ్లుగా మాటలే తన బలమని ఆతడు నమ్మియుండెను. (ఆ ఉపన్యాసకు డెవ్వడని మీరు నన్నడుగవలదు.)

బలము గుర్తెఱిగినంతమాత్రమున చాలదు. ఆశయములేని బలము తన యింటినే తినివేయును. నే నెఱిగిన యొక పెద్దమనిషి కథను చెప్పెదను. ఆయన ఒక కచేరిలో ముప్పదిరెండేండ్లు రికార్డుకీపరుగా పనిచేసిరి. వేలకొలది కాగితముల కట్టలలో అడిగిన కాగితమును నిమిషములో తీయగలవారు. ముత్యములవంటి దస్తూరి. ఉద్యోగము మానిన మఱునాటినుండి ఆ యింటికి కష్టములు మొదలయ్యెను. ఆయన వంటింటిలోని డబ్బాల నన్నిటిని దింపి అక్షరక్రమమున పేర్చిరి. కోడలికి ఉప్పు దొరకదాయెను. మనుమల పుస్తకములకు అంకెలు వేసిరి. చాకలిపద్దును మూడు ప్రతులు వ్రాసిరి. ఎవరైనను ఒక్క వస్తువును కదపినయెడల కోపము. కొన్నిమాసములు గడచునప్పటికి ఇంటివారు ఆయనతో మాటలాడుటయే తగ్గించిరి. ఆయన అరుగుపైని కూర్చుండి, తిండి సరిగా తినక, తానిక బరువేగాని మనిషిని కానని అనుకొనసాగిరి. బంధువులు తీర్థయాత్రకు పొమ్మనిరి. పారాయణము చేయుమనిరి. నేను గూడ పోయి వైరాగ్యమును గూర్చి యొక గంటసేపు చెప్పి వచ్చితిని. ఆయన మర్యాదకు విని, నిట్టూర్చి, నాకు కాఫీ యిప్పించిరి.

ఆయనకు మేలుచేసినది నేను కాను, పారాయణమును కాదు. వెనుకవీథిలో ఇండ్లలో పాచిపని చేసికొని బ్రదుకు ఒక వితంతువు. మగడు పోయి రెండేండ్లయినను ఆమెకు రావలసిన పింఛను రాలేదు. ఒక సంచినిండ కాగితములు తెచ్చి అరుగుపైని కుమ్మరించి, “బాబుగారూ, వీటిలో ఏది కావాలో నాకు తెలియదండీ, తిరిగి తిరిగి కాళ్లు పడిపోయాయి” అనెను. ఆయన ఆ సంచిని చూచి మొదట విసుగుకొనిరి. కాగితములు నలిగియున్నవి గదా! పిదప ఒక్కొక్కటి చదును చేయసాగిరి. మరణధ్రువపత్రమున నొక పేరు, రేషనుకార్డున నింకొక పేరు; ఒక్క అక్షరము తేడా. రెండేండ్ల ఆకలికి కారణము ఆ యొక్క అక్షరము. ఆ రాత్రి ఆయన అర్జీని వ్రాసిరి. ఆ పనిలో పడి ఆయన రాత్రి భోజనము మఱచిరనియు, పిమ్మట తామే అడిగి రెండుమాఱులు వడ్డించుకొనిరనియు కోడలు నాతో చెప్పినది.

ఆ వితంతువునకు పింఛను వచ్చుట కయిదుమాసములు పట్టెను. ఈలోపుననే ఆ అరుగుమీదికి మఱి యెందఱో రాసాగిరి. భూమిపట్టా లేనివాడు, ఆధారుకార్డులో పుట్టినతేదీ తప్పుపడినవాడు, విద్యార్థివేతనము నిలిచిపోయిన బాలిక. వంటింటి డబ్బాలు మరల కోడలి యిష్టము ననుసరించి నిలిచినవి. ఒకనాడు నేను పోయి, మీకింత ఉత్సాహమెట్లు వచ్చినదని యడిగితిని. “ఉత్సాహమేమున్నది బాబూ, నాకు కాగితములు సర్దుట తప్ప ఏమియు రాదు. ఇన్నాళ్లు ఆ పని ఆఫీసు కొఱకు చేసితిని. మా నాయన నిరక్షరాస్యుడు. కాగితమున ఏమున్నదో తెలియక వ్రేలిముద్ర వేసి రెండెకరములు పోగొట్టుకొన్నాడు. అది ఇప్పుడు జ్ఞాపకము వచ్చుచున్నది” అనిరి. అదియే ఆయన ఆశయము. చిన్ననాటినుండి గుండెలో నున్నది. బలము చేతిలో నున్నది. ముప్పదిరెండేండ్లు ఒకే ఒడలిలో నుండియు ఈ రెండును ఒకదాని నొకటి పలుకరించుకొనలేదు.

ఇందు ప్రమాదమును గలదని చెప్పక తప్పదు. ఏ గుణమైనను మోతాదు మీఱినప్పుడు దోషముగా మాఱును. సత్యవాది దయ తప్పినయెడల ముక్కుమీద గ్రుద్దువా డగును. దయాళువు నిదానము తప్పినయెడల అడిగినవాని కెల్ల లోబడును. ధైర్యశాలి వినుట మఱచినయెడల తనవారినే త్రొక్కును. మంచి ఆశయము తోడున్నంతమాత్రమున ఈ ప్రమాదము తొలగిపోదు. సంస్కారము పేర బయలుదేఱిన మనవంటివారు దీనిని ముఖ్యముగా జ్ఞప్తియందుంచుకొనవలెను. మన వాక్పటిమ మన యింటి ముసలివారి కన్నీటికి ఎన్నిమాఱులు కారణమైనదో మనకే తెలియును. అప్పుడు కావలసినది ఆ గుణమును నఱికివేయుట కాదు, దానికి సరిపడు వేఱొక గుణమును ప్రక్కన నిలుపుట.

ఇంకొకటి. కొందఱిని పట్టుకొను దిగులు స్వభావదోషమును కాదు, ఆశయము లేమియును కాదు, అది వ్యాధి. నిద్ర చెడి, ఆకలి చెడి, బ్రదుకు మీద ఆశయే పోయి వారములకొలది నుండువానితో నీ బలమును తలచుకొమ్మనుట కాలు విఱిగినవానితో పరుగెత్తుమనుటవంటిది. అట్టివానికి వైద్యుడు కావలెను, మందు కావలెను, ప్రక్కన మనుష్యుడు కావలెను. ఆ వృద్ధునకు నేను చేసిన వైరాగ్యోపన్యాసము నిప్పుడు తలచుకొన్నను సిగ్గగును. ఆయన స్థితి వ్యాధి వఱకు పోలేదు గాని, పోయియుండినను నేనట్లే మాటలాడియుందును.

నేను కోరునది మిక్కిలి స్వల్పము. ఈ వారము మీ యింటిలోని పిల్లవానికో, కోడలికో, పనిమనిషికో, వారియందు మీరు నిజముగా చూచిన యొక గుణమును చెప్పుడు. ముఖస్తుతిగా కాదు, ఫలానినాడు ఫలానిపనిలో చూచితినని గుర్తు చెప్పి చెప్పుడు. తరువాత మీయందలి గుణమొకదానిని తీసికొని, ఇంతవఱకు దానిని వాడని చోట వాడిచూడుడు. పద్దులు వ్రాయుట వచ్చినవారు పాఠశాల పద్దులను చూడవచ్చును. కథలు చెప్పుట వచ్చినవారు ఆసుపత్రిలో మంచముపైనున్న బిడ్డకు చెప్పవచ్చును. ఏమియు రాదనుకొనువారు విని కూర్చుండుట తమకు వచ్చునేమో పరీక్షించుకొనవచ్చును. నల్లచుక్కల పుస్తకమును నేను పాఱవేయలేదు. దాని వెనుకపుటలలో ఇప్పుడు వేఱొకటి వ్రాసికొనుచున్నాను: ఈ దినమున నాకున్నదానిలో నేమి ఎవ్వరికి పనికివచ్చినది? చాలదినములు ఆ గడి ఖాళీగానే యుండును.

ఆ రికార్డుకీపరుగారు ఆఱేండ్లు అరుగుపైని ఆ పని సాగించి, ఒక శ్రావణమాసమున కన్నుమూసిరి. పదునొకండవ దినమున నేను పోగా కోడలు నన్ను లోపలికి పిలిచి బీరువా తెఱచి చూపినది. లోపల కట్టలు, ప్రతికట్టకును నూలుదారము, దారమునకు చీటి, చీటిమీద ఆ ముత్యాల దస్తూరిలో నొక పేరు. చాల కట్టల మీద ఎఱ్ఱసిరాతో ముగిసినదని వ్రాసియున్నది. నాలుగింటి మీద లేదు. మేము చూచుచుండగనే వీథితలుపు నెవ్వరో తట్టిరి. మామగారు పోయిన సంగతి తెలియని యొక ముసలివాడు, చేతిలో సంచితో. కోడలు కొంతసేపు గుమ్మములో నిలుచుండినది. పిదప ఆతనిని అరుగుపైని కూర్చుండుమని చెప్పి, లోపలికి వచ్చి, కండ్లద్దములు తెచ్చుకొని, ఆతని కాగితములను ఒక్కొక్కటిగా చదును చేయసాగినది.